రేష్మె ఆపిన గోలు, నేను ఏరిన పురుగులు

ఆ రోజుల్లో చిక్కబళ్ళాపురానికీ చింతామణికీ మధ్య జరిగిన యుద్ధం గురించి ఎవరో ఒకరు పర్వాలు పర్వాలుగా రాసిపెట్టకపోతే రాబోయే తరాలు మమ్మల్ని క్షమించవు. రెండు ఊళ్ళు, రెండు సేనలు, మధ్యలో ఒక కోటగుమ్మం, ఆ గుమ్మాన్ని ఒంటరిగా కాచిన ఒక వీరుడు, ఆ వీరుడి కోసం తన సర్వస్వాన్నీ వదులుకున్న ఒక మిత్రుడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఊరికే కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ మొదలుపెడుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే ఒప్పుకోవాలి. యుద్ధమంటే డిగ్రీ కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచి. కోటగుమ్మమంటే రెండు కట్టెలు, వాటి మీద అడ్డంగా కట్టిన కొబ్బరితాడు. సర్వస్వం వదులుకున్న మిత్రుణ్ణి నేనే, వదులుకున్నది టెంపోలో కిటికీ పక్క సీటు. ఇంక ఆ సంగ్రామంలో ఎవరు గెలిచారంటే, సున్నా సున్నా.

మా కాలేజి చిక్కబళ్ళాపురంలో. నాది బాగేపల్లి తాలూకా, మిట్టేమరి పక్కన ఒక పల్లె. హాస్టల్లో ఉండి చదివాను (చదివాను అన్నది హాస్టలు రిజిస్టరులో రాసి ఉన్న మాట). చింతామణి కాలేజితో మాకు పగ ఎట్లా మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా సీనియర్లు చెప్పిన ప్రకారం, ఎప్పుడో ఒక క్రీడాకూటకు, అంటే ఆటల పోటీలకు, మావాళ్ళు చింతామణికి పోతే మధ్యాహ్నం చిత్రాన్నం అయిపోయిందని చెప్పి చేతిలో బిస్కెట్ పొట్లాలు పెట్టారట. చింతామణివాళ్ళు చెప్పే ప్రకారం చిత్రాన్నం అయిపోలేదు, మావాళ్ళే మూడు గంటలకు వచ్చి మధ్యాహ్నం అన్నారు. ఏదైతేనేం, ఆ చిత్రాన్నం తినని తరం కాలేజి వదిలి, పెండ్లిళ్ళు చేసుకుని, షుగరు తెచ్చుకుని, అన్నమే మానేసిన తర్వాత కూడా మేము దాని తరపున ఏడాదికొకసారి ఫుట్‌బాల్ ఆడుతూ వచ్చాం.

మేము అంటే నేను కాదు. నాకు ఆడటం రాదు. ఒకసారి ప్రయత్నించాను, బంతి ఉన్నచోటే ఉంది, చెప్పు మాత్రం పోయి గోల్లో పడింది. అప్పట్నుంచి పీటీ మేష్ట్రు నన్ను గీత అవతలే ఉండమన్నారు. గీత అవతల నేను తమటె కొట్టేవాణ్ణి. తమటె అంటే తోలు డప్పు, మా ఊరినుంచి తెచ్చుకున్నది. నేను కొడితే మావాళ్ళకు ఉత్సాహం వచ్చేదో లేదో చెప్పలేనుగానీ అవతలివాళ్ళకు తలనొప్పి వచ్చేది, అదీ ఒక సేవే. చింతామణి తరపున నాకు సమఉజ్జీ ఒకడుండేవాడు. వాళ్ళ మామకు షామియానా అంగడి, అందుకని వాడు ప్రతి మ్యాచికీ మైకు సెట్టు మోసుకొచ్చేవాడు. వాడి పేరు మాకు అక్కర్లేదు, మైకు అనేవాళ్ళం. మా జట్టు మైదానంలో కాలు పెట్టగానే మైకులో నెమ్మదిగా, పెండ్లిలో చుట్టాలను పిలిచినట్టు, "చిక్కబళ్ళాపురం వాళ్ళు వచ్చినారు, ముందు వాళ్ళకి చిత్రాన్నం పెట్టండప్పా, మళ్ళీ ఇరవై ఏండ్లు ఏడుస్తారు" అనేవాడు. దానికి జవాబుగా నేను తమటె కొట్టేవాణ్ణి. తమటెలో జవాబు చెప్పడం కష్టం.

మా గోల్‌కీపరు పేరు రేష్మె. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది, కానీ జంగమకోటె పక్కన పల్లెలో వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు, కన్నడలో పట్టును రేష్మె అంటారు కాబట్టి హాస్టల్లో మొదటి వారంలోనే ఆ పేరు అతుక్కుపోయింది. పొడుగ్గా, నిదానంగా, మాట అవసరమైతే తప్ప ఖర్చుపెట్టని మనిషి. వాడు గోల్లో నిలబడితే మాకు ధైర్యం. ఒకటే ఇబ్బంది, చింతామణితో మ్యాచి రోజు వాడు నిలబడిందే లేదు. మొదటి ఏడాది మ్యాచి నాటికి ఇంట్లో పురుగులు. రెండో ఏడూ పురుగులు. మూడో ఏడు, అంటే ఆఖరి ఏడు, వాడు నోరు తెరిచి ఒక కోరిక కోరాడు. "ఒక్కసారి చింతామణి మీద నిలబడల్లప్పా. ఆమీట జన్మంతా పురుగులే గదా, అవి యాడికి పోతాయి."

పట్టుపురుగు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. అది ఇరవై ఐదు రోజుల చిల్లర మల్బరీ ఆకు తింటూనే ఉంటుంది. తర్వాత ఒకరోజు మేత మానేస్తుంది, ఒళ్ళు పసుపు తిరుగుతుంది, తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ గూడు కట్టుకోవడానికి జాగా వెతుకుతుంది. దాన్నే పురుగు పండిందంటారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని పండిన పురుగును ఒక్కొక్కటిగా చేత్తో ఏరి చంద్రికల మీద వెయ్యాలి. చంద్రిక అంటే మంచమంత వెదురు తట్ట, దాని మీద సుడులు సుడులుగా వెదురుబద్దల దడి ఉంటుంది, ఆ సందుల్లో పురుగు గూడు కట్టుకుంటుంది. ఆలస్యమైతే అది మనకోసం ఆగదు, ఉన్నచోటే ఆ ఆకుల చెత్తలోనే కట్టేసుకుంటుంది, నెలరోజుల కష్టం మట్టిపాలు. పురుగు ఆదివారం చూడదు, పరీక్ష చూడదు, ఫుట్‌బాలు అసలే చూడదు.

రేష్మె ఆ ఏటి కేలండరు ముందు పెట్టుకుని లెక్క వేశాడు. మ్యాచి శనివారం, పురుగు పండేది ఆదివారం. శుక్రవారం ఇంటికి పోయి శనివారం పొద్దున్నే వచ్చి కాలేజి బస్సు ఎక్కుతానన్నాడు. శనివారం పొద్దున బస్సు వచ్చింది, వాడు రాలేదు. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. పీటీ మేష్ట్రు జట్టును ఎక్కించుకుని చింతామణికి కదులుతూ, మా అభిమానుల సంఘం సెక్రెట్రిని పిలిచి (సంఘం మేమే పెట్టుకున్నాం, సెక్రెట్రి పదవి టెంపో మాట్లాడినవాడికి ఇచ్చాం) ఒక్కటే చెప్పారు. "మీ టెంపోలో పోయి ఆ రేష్మెని పట్టుకోని రాండి. మూడుకి మ్యాచి. వాడు రాకుంటే గోల్లో అద్దాలవాణ్ణి నిలబెట్టల్ల." అద్దాలవాడు మా రెండో గోల్‌కీపరు. మంచివాడు. కాకపోతే ఆడేటప్పుడు విరిగిపోతాయని అద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు, తర్వాత బంతి ఎటు పోయిందని పక్కవాళ్ళను అడిగేవాడు.

ఇరవైమంది టెంపో ఎక్కాం. మొహాలకు నీలిరంగు, చేతిలో జెండాలు, ఒడిలో తమటె. చింతామణిలో అమ్మాయిలు కూడా మ్యాచికి వస్తారని విని నేను సగం సీసా సెంటు కొట్టుకున్నాను (మిగతా సగం డబల్ కొట్టుకున్నాడు). డబల్ అంటే నా రూమ్మేటు, హోటల్లో ఏది చెప్పినా డబల్ చెప్పేవాడు. ఆ రోజు కూడా దారిలో టిఫినుకు ఆగితే అందరివీ అయిపోయాక రెండో ప్లేటు ఇడ్లీ చెప్పాడు, వాళ్ళు కొత్త వాయి పెట్టేదాకా కూర్చున్నాడు. "రేష్మె ఎదురుచూస్తాంటాడప్పా" అని సెక్రెట్రి అంటే, "ఎదురుచూసేవాడు యాడికి పోతాడు" అన్నాడు. అట్లా గంటన్నర ఆలస్యంగా రేష్మె ఊరు చేరాం. ఆ ఇడ్లీని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వాడి ఇంటి పక్కనే పురుగుల ఇల్లు, గడపలో ముక్కాలిపీట మీద వాళ్ళ అవ్వ కట్టె పట్టుకుని కాపలా కూర్చుని ఉంది. పురుగుల ఇంట్లోకి బయటివాళ్ళను ఊరికే రానివ్వరు, దిష్టి తగులుతుందని కొంత, రోగం తగులుతుందని కొంత. ఇరవై నీలి మొహాలను ఆమె ఒకసారి ఎగాదిగా చూసింది.

"మొహాలకి నీలిమందు పూసుకోని యాడికి దండెత్తి పోతాండారప్పా" అంది.

"చింతామణికవ్వా. మీ మనవణ్ణి పంపీ. మ్యాచి ఉండాది" అన్నాడు సెక్రెట్రి.

"పురుగు ఉండాది" అంది అవ్వ.

ఆ మాటకు లోపలినుంచి రేష్మె వచ్చాడు. కళ్ళు ఎర్రగా, చేతులు సున్నపునీళ్ళతో తెల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసి నవ్వబోయి మానేశాడు. "ఒక దినం ముందే పండినాయప్పా. ఎండ ఎక్కువైంది" అన్నాడు. వాడి వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది. "తెల్లారకముందు నుంచి ఏరతాండాం. వాళ్ళ నాయన కూలోళ్ళకని ఊరంతా తిరిగొచ్చినాడు, ఈ పొద్దు అందరిండ్లలోనూ పండినాయి, ఒకరూ దొరకలేదు. నాలుగు జతల చేతులు తక్కువ ఉండాది. నేను వాణ్ణి పోవద్దనలేదప్పా. వాడే పోలేక నిలబడినాడు" అంది. రేష్మె గోడ వైపు చూస్తున్నాడు. వాడి నీలం జెర్సీ దండెం మీద ఇస్త్రీ చేసి వేలాడదీసి ఉంది. ముందురోజే సిద్ధం చేసుకున్నట్టుంది.

అందరూ బాధగా నిలబడి ఉంటే నా నోరు దురద పెడుతుంది. అందుకని అన్నాను, "నాలుగు జతల చేతులే గదమ్మా. మేము ఇరవైమంది ఉండాము. నలుగుర్ని పెట్టుకోని వీణ్ణి ఇయ్యండి."

జోకుగానే అన్నాను. నా జీవితంలో నేను వేసిన జోకుకు ఎవరూ నవ్వకుండా సరే అన్నది అదే మొదటిసారి. వాళ్ళమ్మ అత్త వైపు చూసింది. అవ్వ కట్టెతో నన్ను చూపించి, "అయితే నువ్వు మొదులు దిగు" అంది.

దిగాను. లోపల పొయ్యి మీద రాగిముద్దకు చారు కాగుతున్న వాసన వచ్చి డబల్ దిగాడు. మిగతా ఇద్దరిని వెనకనుంచి ఎవరో తోశారు. తమటెను సెక్రెట్రి చేతిలో పెడుతుంటే కన్నబిడ్డను పంపుతున్నట్టు అనిపించింది (అనిపించిందని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు చెమటకు చెయ్యి జారింది అంతే). రేష్మె జెర్సీ వేసుకుని వచ్చి నా ముందర నిలబడ్డాడు. ఏదో అంటాడనుకున్నాను. "చిన్నగా పట్టుకో, నలిపితే చస్తాయి" అని చెప్పి, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా టెంపో ఎక్కాడు. నా కిటికీ సీట్లోనే కూర్చున్నాడు.

టెంపో మలుపు తిరిగాక అవ్వ ముక్కు ఎగబీల్చింది. "ఏందప్పా ఈ కంపు."

"సెంటవ్వా."

"పురుగు చస్తాది. పోయి నీళ్ళు పోసుకోండి."

నలుగురం తొట్టి దగ్గర నీళ్ళు పోసుకున్నాం. సోపు కూడా వాసనేనని వద్దన్నారు. రేష్మె వాళ్ళ నాయన పాత పంచెలు, బనియన్లు ఇచ్చారు, చేతులూ కాళ్ళూ సున్నపునీళ్ళలో ముంచమన్నారు. చింతామణి అమ్మాయిల కోసం పూసుకున్న సెంటు అట్లా జంగమకోటె పక్కన మోరీలో కలిసింది. దాన్ని మెచ్చుకున్నది ఒక గేదె, అదీ ఒక్కసారి తల తిప్పి చూసి ఊరుకుంది.

పురుగుల ఇంట్లోకి అడుగు పెట్టగానే నాకు మొదట వినబడింది వాన. బయట పెటపెటలాడే ఎండ, లోపల సన్నగా ఎడతెగకుండా చినుకులు పడుతున్న చప్పుడు. అది ఇంకా మేత మానని పురుగులు ఆకు తినే చప్పుడని తర్వాత తెలిసింది. తడిగా, చల్లగా, గోడ పొడుగూతా తట్టలు తట్టలుగా పురుగులే. నేను కూర్చుని చకచకా ఏరడం మొదలుపెట్టాను. పావుగంటలో ఒక చంద్రిక నింపేసి, అందరికంటే ముందు నేనే అన్న సంగతి అందరికీ కనబడేట్టు మోసుకుపోయి అవ్వ ముందర పెట్టాను. ఆమె వంగి చూసింది.

"ఇవి యాల తెచ్చినావప్పా."

"పండినాయవ్వా."

"ఇవి ఇంగా తినేవి. పండినదీ పచ్చిదీ తెలీకుండా డిగ్రీ ఎట్ల ఇస్తారప్పా మీకు." (నిజంగానే ఎట్లా ఇచ్చారో ఇప్పటికీ తెలియదు.) నేను నింపిన చంద్రిక మొత్తం మళ్ళీ ఏరి తట్టల్లో వెయ్యడానికి ఇంకో అరగంట పట్టింది, అంటే నేను రావడం వల్ల ఆ ఇంటికి పని పెరిగింది. అప్పుడు అవ్వ ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టింది. అది లోపలికంటా పసుపుపచ్చగా, గాజులాగా కనబడింది. "తల ఎత్తి వెతుకుతాండాది చూడు. దీనికి ఇంగ తిండి మీద ఆశ లేదు, జాగా కావల్ల. ఇట్లాదాన్ని తీసుకో. తల వంచుకోని తినేదాన్ని దాని మానాన వదిలిపెట్టు" అంది. ఆ లెక్కన మా బ్యాచిలో ఎవరూ పండలేదని డబల్ వైపు చూస్తూ అనుకున్నాను. ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. "అరగంటకొకసారి లేసి నిలబడల్ల. లేకుంటే నడుము పట్టేస్తాది." ఆ మాటను అరగంటకొకసారి చెప్పింది. గడియారం అక్కర్లేకుండా పోయింది.

మధ్యాహ్నం ముద్ద, చారు పెట్టారు. డబల్ అడక్కుండానే వాళ్ళమ్మ వాడికి రెండో ముద్ద వేసింది. మళ్ళీ లోపలికి పోయాం. గోడ మీది గడియారం మూడు చూపించినప్పుడు డబల్ నా వైపు చూశాడు.

"మొదులై ఉంటాది" అన్నాడు.

"ఊ" అన్నాను.

చెప్పకూడదుగానీ అప్పుడు నా ఏరడం ఆగిపోయింది. మూడేళ్ళుగా ఈ ఒక్క మ్యాచి కోసం అరుస్తూ వచ్చినవాణ్ణి, రేష్మె మొదటిసారి చింతామణి మీద నిలబడిన రోజు, వేరొకరి పంచె కట్టుకుని చేతిలో పురుగు పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళమ్మ గమనించినట్టుంది. "ఎంతసేపు ఆడతారప్పా" అని అడిగింది.

"గంటన్నరమ్మా."

"అంతసేపూ పరిగెత్తల్లా వాడు."

"లేదమ్మా. వాడు గోల్‌కీపరు గదా. నిలబడేదే పని."

"అయితే నయమే" అంది. "పొద్దున్నించి ఒక్కసారీ లేవకుండా వంగే ఉండాడు. ఎట్లైనా మీరు వెతుక్కోని వస్తారని, మీరొచ్చేలోపల నాలుగు మనుషుల పని చేసిపోవల్లని."

సాయంత్రానికి పురుగంతా చంద్రికలకెక్కింది. గాలి ఆడాలని చంద్రికలను వరసగా బయట గోడకు ఆనించి నిలబెట్టాం. వీధి పొడుగునా వేలకువేల పురుగులు తల ఊపుతూ మొదటి దారం తీస్తున్నాయి. అప్పుడు మలుపులో తమటె వినబడింది. వాయించేవాడికి తాళం తెలియదని దూరంనుంచే తెలుస్తోంది. టెంపో ఆగీ ఆగకముందే పదహారుమంది అరుచుకుంటూ దూకారు. అవ్వ కట్టె ఎత్తింది.

"అరవద్దండప్పా. పురుగు గూడు కడతాండాది."

అంతే. ప్రిన్సిపాలు మాట వినని గుంపు ఆమె మాట విన్నది. మా కాలేజి చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టాన్ని పదహారుమంది నా చుట్టూ చేరి గుసగుసగా చెప్పారు. ఆఖరి నిమిషాల్లో చింతామణికి పెనాల్టీ వచ్చిందట. వాళ్ళ కేప్టెనే కొట్టాడట. రేష్మె ఆపాడట. ఎడమకు దూకి ఆపాడని ఒకడు చెవిలో చెప్పాడు. కుడికని ఇంకొకడు రెండో చెవిలో చెప్పాడు. మ్యాచి సున్నా సున్నాతో ముగిసింది. సమానమైతే పోయినేడు గెలిచినవాళ్ళదే కప్పు అని నియమం కాబట్టి కప్పు చింతామణిలోనే ఉండిపోయింది. వాళ్ళకు కప్పు, మాకు పెనాల్టీ. ఎవరికి వాళ్ళు గెలిచామనుకున్నారు. ఇంత న్యాయమైన ఫలితాన్ని నేను మళ్ళీ చూడలేదు (అసలు అదీ చూడలేదు).

రేష్మె అందరికంటే చివర దిగాడు. సీటు పట్టుకుని, ఒక్కో కాలు కింద పెట్టి, కర్ర మింగినట్టు నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. వీరుడి నడకంటే ఇదేనని మేమంతా అనుకున్నాం. ఎవరితోనూ మాట్లాడకుండా మొదటి చంద్రిక నుంచి చివరి చంద్రిక దాకా చూసుకుంటూ పోయాడు. "అన్నీ ఎక్కినాయా అమ్మా" అన్నాడు. "అన్నీ ఎక్కినాయి" అంది వాళ్ళమ్మ. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. "నీ చెవి ఇంగా నీలంగా ఉండాది" అన్నాడు. మా మధ్య కృతజ్ఞతా సమర్పణ అంతటితో ముగిసింది.

తర్వాత జరిగినదానికి బాధ్యత నాదే. హాస్టలుకు వచ్చేసరికి నా దగ్గర ఆ పెనాల్టీకి ఆరు రకాల కథనాలు ఉన్నాయి. చూసినవాడు తను చూసినదొక్కటే చెప్పగలడు, నాకు ఆ ఇబ్బంది లేదు. అన్నిటిలోనూ మంచివి ఏరాను (ఆ రోజు ఏరడం బాగానే నేర్చుకున్నాను). కొంచెం దుమ్ము లేపాను. రేష్మెను గాల్లో ఇంకో అడుగు పైకెత్తాను. ఉద్యోగం వచ్చాక ఆఫీసులో చెప్పాను, పెండ్లిచూపుల్లో ఒకసారి చెప్పాను (సంబంధం కుదరలేదు, కారణం అది కాదన్నారు). చెప్పగా చెప్పగా ఆ బంతి నాకు నిజంగానే కనబడటం మొదలైంది. ఇంతకీ ఆ మ్యాచికి మిగిలిన ఒకే సాక్ష్యం సెక్రెట్రి పాత ఫోనులో తీసిన పదకొండు సెకండ్ల వీడియో. అందులో ఎవరిదో ఒక చెవి, కొంత ఆకాశం ఉన్నాయి. ఆ చెవి నాదేనని చాలామంది గుర్తుపట్టారు.

మొన్న బాగేపల్లిలో డబల్ సొంతంగా హోటలు తెరిచాడు. ఇంతకాలం వాడు హోటళ్ళవాళ్ళ మీద తీర్చుకున్న ఆకలిని ఇప్పుడు జనం వాడి మీద తీర్చుకోవాలని నా కోరిక. పాతవాళ్ళమంతా పోయాం. చింతామణి మైకు కూడా వచ్చాడు, వచ్చాడనడం తప్పు, డబల్ చెల్లెల్ని చేసుకున్నది వాడే కాబట్టి ఇంటి అల్లుడి హోదాలో ముందే వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. పగలన్నీ చివరికి ఇట్లా చుట్టరికాలైపోతే అరవడానికి ఎవరు మిగులుతారో తెలియదు. ఆకులు వేసి చిత్రాన్నం వడ్డించగానే మైకు మావైపు తిరిగి, "తినండప్పా, ఈసారి అయిపోలేదు" అన్నాడు. అంతే, మొదలైంది.

"ఎడమకి ఎగిరినాడు. మైకులో చెప్పింది నేనే గదా" అన్నాడు మైకు.

"కుడికప్పా. నేను గోలు వెనకాలే ఉంటిని" అన్నాడు సెక్రెట్రి.

"బావా, నువ్వు ఊరుకో. తమటె చెప్తాడు వినండి" అన్నాడు డబల్. తమటె అంటే నేను.

చెప్పాను. దుమ్ముతో సహా, గాలితో సహా చెప్పాను. వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయి విన్నారు. సరిగ్గా బంతి వేలికొసలకు తగిలే చోట తలుపు దగ్గర రేష్మె కనబడ్డాడు. ఇంట్లో మేత వేసి వచ్చేసరికి ఆలస్యమైందట. వాడు చివరి ఆకు ముందర కూర్చుని, అందరిలాగే, తర్వాత ఏమైందో తెలియనివాడిలాగా నా వైపు చూస్తున్నాడు. ఎందుకో నా నోరు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు వచ్చాయి, ఒక్క నిజమైనా చెబుదామనిపించింది.

"నేను ఆ రోజు ఆడ లేనప్పా" అన్నాను. "వాళ్ళింట్లో పురుగులు ఏరతాంటిని."

వెంటనే మైకు అన్నాడు, "లేకపోయేదేంది. గోలు వెనకాల తమటె కొట్టింది ఎవరు మరి. ఆ చప్పుడికి నా మైకే వినబళ్ళేదు."

"కొట్టింది సెక్రెట్రి."

"నాకు తమటె యాడ వస్తాదప్పా. నువ్వే కొట్టినావు" అన్నాడు సెక్రెట్రి, అది నిజమేనన్న నమ్మకంతో.

నేను డబల్ వైపు తిరిగాను. ఈ భూమ్మీద నాకున్న ఒకే సాక్షి. వాడు సాంబారు బకెట్టు పట్టుకుని ఆలోచించాడు. "నేను నీ పక్కనే గదా ఉంటిని. బంతి వచ్చి కట్టెకి తగిలి ఒక చప్పుడు వచ్చింది చూడు, ఇంగా చెవుల్లో ఉండాది" అన్నాడు. మూడు గంటలకు నా వైపు చూసి మొదులై ఉంటాది అన్న మనిషి. రెండు ముద్దలు తిన్న మనిషి. వాడి తప్పేమీ లేదు, వాడికి ఆ చప్పుడు చెవుల్లో పెట్టింది నేనే. నేను ఆపినచోటనుంచి అందుకుని కథ పూర్తి చేశాను. రేష్మె అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

తిన్నాక చేతులు కడుక్కునే తొట్టి దగ్గర వాడూ నేనూ మిగిలాం. అవ్వ పోయి మూడేళ్ళయిందని చెప్పాడు. చివరిదాకా మమ్మల్ని "ఆ నీలిమొహాలోళ్ళు" అని అడిగేదట. నేను కుళాయి తిప్పాను. తర్వాత అడిగాను, "నిజం చెప్పు. ఎడమా, కుడా."

"యా పక్కా కాదప్పా" అన్నాడు. "కుడికి దూకుదామనే అనుకొంటిని. నడుము రాలేదు. తెల్లారకముందు నుంచి వంగి పురుగు ఏరితిని గదా, ఆటలో మధ్యలోనే పట్టేసింది. కదిలేకి కాలేదు. నిలబడినచోటే నిలబడితిని. నేను యా పక్కకో దూకుతానని వాడు నడిమధ్యకి కొట్టినాడు. వచ్చి రొమ్ముకి తగిలి పక్కకి పాయె."

నేను కుళాయి కట్టేయడం మరిచిపోయాను. "ఇన్నేండ్లు చెప్పలేదేంది మరి."

"నువ్వు చెప్పేది బాగుండాది గదా. యాల చెడగొట్టేది" అన్నాడు. తర్వాత, చంద్రికలు లెక్కపెట్టినంత నిదానంగా, "మీరు ఆ రోజు టయానికి వచ్చుంటే నేను అంతసేపు వంగేవాణ్ణి కాదు. నడుము బాగుండేది. బాగుంటే దూకేవాణ్ణి. దూకింటే గోలు పడేది" అన్నాడు. అంటే ఆ రోజు చింతామణి పెనాల్టీని ఆపింది డబల్ తిన్న రెండో ప్లేటు ఇడ్లీ. లోపల ఆ ఇడ్లీ యజమాని, తను చూడని మ్యాచిని తన బావకు వివరిస్తున్నాడు. ఎడమా కుడా అన్న తగాదా ఇంకా తెగలేదు. పోయి చెప్పాలనిపించలేదు.

ఆ ఇరవై ఏళ్ళవాడు ఒక్కొక్కసారి గుర్తొస్తాడు. నీలం చెవితో, ఎవరిదో పంచె కట్టుకుని, పచ్చి పురుగులు నింపిన చంద్రికను ఎంత గర్వంగా మోసుకుపోయాడు. తను ఎంతో వదులుకుంటున్నాననుకున్నాడు. నేను అరిచిన మ్యాచిల్లో ఒక్కటైనా గుర్తులేదు, చూడనిదొక్కటే నాది అయింది. వాడికి ఈ సంగతి అప్పుడే చెబితే వినేవాడు కాదు, తల వంచుకుని తినే వయసు.

కుళాయి కట్టేద్దామని వంగాను, లేవలేకపోయాను. రేష్మె భుజం పట్టుకుని లేపాడు. ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరు ముందర కూర్చుంటానని చెప్పాను. వాడు నా నడుము వైపు, పనితెలిసినవాడి చూపు చూశాడు. అరగంటకొకసారి లేచి నిలబడాలట. లేకపోతే నడుము పట్టేస్తుంది.